చౌరస్తాలో నా ఫోటో

మా వాడకు రెండోసారి వరద వచ్చిన ఏడు అది. మొదటి వరదకు నీళ్లు గడప దాకా వచ్చి తిరిగిపోయాయి. రెండోదానికి తిరిగిపోలేదు. కొట్టులో బియ్యం బస్తాలు ఉబ్బి కుట్లు తెగాయి. చక్కెర బస్తా బస్తాలాగే ఉంది, లోపల చక్కెర లేదు.

ఆ తర్వాతి సంగతులు వారం వారం చదువుతున్నవాళ్లకు ఎరుకే. ఈ వారమే చేతికి తీసుకున్నవాళ్లకు నాలుగు ముక్కలు. నీళ్లు తీశాక కాశిబుగ్గలో మా కిరాణా కొట్టు సగమైంది. కొడుకు సాయికిరణ్ ట్రాలీ ఆటో పట్టాడు. చీకటితోనే మార్కెట్‌కు పోయి సరుకు ఎత్తుకొని, పరకాల దాకా దుకాణాలకు వేసి వస్తాడు. కొట్టు కోడలు శ్రావణి మీద పడింది. కొట్టు మళ్లీ తెరిచినప్పుడు ఫ్లెక్సీ చేయించడానికి స్టేషన్ రోడ్డులో రహీం దుకాణానికి పోయి, కంప్యూటర్ మీద అక్షరాలు పెరగడం, తగ్గడం, రంగు మారడం చూసి వచ్చింది. ఆ పని తాను నేర్చుకుంటానంది. ఆమె తమ్ముడు తాను వాడి వదిలేసిన లాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు. పాఠాలు ఫోన్‌లో వినేది.

నేర్చుకోవడం అంటే ఒకచోట కూర్చుని నేర్చుకోవడం అనుకునేరు. పాల ప్యాకెట్ల బండి రాకముందే లేచి, ఫోన్‌ను వంటింట్లో ఉప్పు డబ్బాకు ఆనించి, గిన్నెలు తోముతూ వినేది. నల్లా వస్తే పాఠం ఆగేది. పాప లేస్తే ఆగేది. కొట్టులో అటుకుల డబ్బా మూత మీద లాప్‌టాప్ పెట్టుకుంటే, పావుకిలో పప్పు అని ఎవరో వచ్చేవారు. పప్పు తూచి వచ్చేసరికి ఏం విన్నదో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి పెట్టేది. ఆ పాఠం చెప్పే పిల్ల 'హాయ్ ఫ్రెండ్స్' అనే తీరు మా మనుమరాలికి నోటికి వచ్చింది కానీ, పాఠం చివర ఏముంటుందో మా ఇంట్లో చాలా రోజులు ఎవరికీ తెలియలేదు.

పోయిన వారం ఆపిన చోట రహీం ఆమెకు ఒక మాట చెబుతున్నాడు. పెళ్లి ఫ్లెక్సీ వాళ్లు నెల ముందు వస్తారట, పది మార్లు మార్పిస్తారట. చావు ఫ్లెక్సీకి ఆ వెసులుబాటు ఉండదు. ఫోటో పంపుతారు, పేరు చెబుతారు, శవం లేవకముందే చౌరస్తాలో ఫ్లెక్సీ లేవాలి. అది చేతనైనవాళ్లకు ఈ ఊళ్లో పనికి కొదవ లేదు. ముందు అది చేసి చూపించు చెల్లే, అన్నాడు.

ఆమె చేసి చూపించింది.

శుక్రవారం ఎండ దిగాక చాయ్ తాగడానికి చౌరస్తాకు నడిచాను. చాయ్ పోసే ఆమె నన్ను చూసి గిన్నె పక్కకు పెట్టింది. రోజూ పోసే చాయ్ పోయలేదు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు లేచి నాకు చోటిచ్చారు. అంత మర్యాద నాకు ఎప్పుడూ జరగలేదు. ఏమైందో అర్థం కాక కూర్చున్నాను.

అప్పుడు ఆటోలోంచి కుమారస్వామి దిగాడు. మార్కెట్‌లో నాతో బస్తాలు మోసినవాడు. భుజాన తువ్వాల, చేతిలో బంతిపూల దండ. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మా వాడ సందులోకి తిరగబోయి, బెంచీ మీద నన్ను చూసి ఆగిపోయాడు.

"కట్టన్నా, నువ్వేంది గీడ కూసున్నవ్?"

"చాయ్ తాగుదామని."

వాడు నా భుజం పట్టి అటు తిప్పాడు. కరెంటు స్తంభానికి కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. అందులో నేనున్నాను.

నా ఫోటో గుండ్రంగా, చుట్టూ పూలదండ, అటొక దీపం ఇటొక దీపం. పైన పెద్ద అక్షరాలు. నాది మూడో తరగతి చదువు. కూడబలుక్కుని చదవాలి. కన్నీటి నివాళి అని ఉంది. కింద నా పేరు, పక్కన కాశిబుగ్గ. జననం అన్నచోట ఆధార్ కార్డులో ఉన్న ఏడు ఉంది. మరణం అన్నచోట ఏమీ లేదు, ఖాళీ. దాని కింద ఒక వరస చిన్న అక్షరాలు. అది చదవడానికి స్తంభం దగ్గరికి పోవాల్సి వచ్చింది.

'వరదలో మనుమరాలిని భుజాన మోసిన మా పెద్దదిక్కు.'

ఆ రాత్రి సంగతి మా ఇంట్లో తర్వాత ఎవరూ మాట్లాడలేదు. నీళ్లు నడుం దాటాయి, పాపను భుజానికెత్తుకున్నాను, పక్కింటి డాబా ఎక్కాము. అంతే. మాట్లాడేందుకు ఏముంది అనుకున్నాను. కోడలు అది మనసులో పెట్టుకుందని ఆ స్తంభం కింద నిలబడే దాకా నాకు తెలియదు. ఆ ఫోటో ఎప్పుడు తీసిందో కూడా తెలియదు. కొట్టు ముందర స్టూలు మీద కూర్చున్నప్పటిది. నా మొహం అంత పెద్దగా నేను ఎన్నడూ చూడలేదు. చదవడం అయ్యాక కూడా కాసేపు అలాగే చూశాను.

కుమారస్వామి కూడా చూశాడు. వాడి ఏడుపు ఆగింది. ఇప్పుడు వాడి ఫికర్ వేరే.

"గీ దండ ఏం జెయ్యాలె? చావుకని కొన్న దండ ఇంటికి తీస్కపోతే మా ఆమె నన్ను గడప ఎక్కనియ్యది."

నాకు తెలియదన్నాను. వాడు ఆలోచించి, స్తంభం దగ్గరికి పోయి, ఫ్లెక్సీ మూలకు దండ తగిలించాడు. రెండడుగులు వెనక్కి వచ్చి తల వంచి చూశాడు.

"మంచిగ జేసిండ్లు. రేపు నాకు గూడ వీళ్లతోనే జేపియ్యమని మావోళ్లకు చెప్తా. నువ్వు పోయినవని పుకారు పుట్టింది గదా, ఇగ నీ ఆయుష్షు పెరిగింది పో."

ఫ్లెక్సీ విప్పుదామంటే ముడులు ఎత్తులో ఉన్నాయి. నా చేయి అందలేదు. అలాగే వదిలి ఇంటికి వచ్చాను.

ఇంటి ముందర జనం. నా భార్య యాకమ్మ నన్ను గేటు బయటే ఆపింది. ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. కాళ్ల మీద చెంబెడు నీళ్లు పోసింది. అప్పుడు లోపలికి రమ్మంది. నన్ను తిట్టలేదు. అది మంచి గుర్తు కాదు, తిట్లన్నీ ఇంకొకరి కోసం దాచిపెట్టుకుందన్నమాట.

శ్రావణి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. బంధువుల ఫోన్లు అప్పటికే వచ్చాయి. రహీం కూడా ఫోన్ చేసి ఎలా జరిగిందో చెప్పాడట. మంచం మీద కూర్చున్నాను.

కాసేపటికి ట్రాలీ వచ్చి ఆగింది. సాయికిరణ్ పరకాలలో సరుకు దించుతుంటే ఎవరో ఫోన్ చేసి, మీ బాపు పోయిండట గదా అన్నారట. సగం సరుకు బండిలోనే వదిలి బయలుదేరాడు. ఇంటికి ఫోన్ చేసి అడగడానికి ధైర్యం చాలలేదట. వాడు గేటులోకి వచ్చి, మంచం మీద నన్ను చూసి, దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేశాడు. వేసిన చేయి కొంతసేపు తీయలేదు. తీశాక లోపలికి పోయి లాప్‌టాప్ మూసి, స్టూలు వేసుకొని సజ్జ మీద పెట్టాడు. స్టూలు దిగి అప్పుడు మాట్లాడాడు.

"పరకాల కాడ్నుంచి ఎట్లొచ్చిన్నో నాకే ఎర్క లేదు. దారిల నాకు ఒక్క బండి కనబడలే."

శ్రావణి తప్పు తనదే అంది. నేర్చుకోవడానికి చేశానంది. ఒక పెద్దమనిషి ఫోటో కావాలి, తన ఫోన్‌లో మామది ఒక్కటే ఉంది. సరిగ్గా వచ్చిందా లేదా చూడమని రహీంకు పంపింది. అది అచ్చు వేస్తారనుకోలేదు.

యాకమ్మ దాచిపెట్టుకున్న తిట్లు తీసింది. బతికున్న మనిషి మెడలో చావు దండ వేయడం కూడా చదువేనా అని అడిగింది. పొద్దున లేస్తూనే దీపం పెట్టాల్సిన ఇంట్లో చావు దీపాలు గీస్తోందట, ఇక ఇల్లు ఎలా బాగుపడుతుందని అడిగింది. కొట్టు, పొయ్యి, పాప, ఇవి చాలవా అని అడిగింది. వీటిలో దేనికీ శ్రావణి జవాబు చెప్పలేదు. గుమ్మం పట్టుకొని నిలబడింది.

జవాబు చెప్పింది మొగుడికి. ఇక ఇది బంద్ అని సాయికిరణ్ అన్నప్పుడు.

"ఎందుకు బంద్ జెయ్యాలె? కొట్టు యాళ్లకు తీస్తలేనా? అన్నం యాళ్లకు పెడ్తలేనా?"

దానికి వాడు అన్న మాట కోపంతో అన్నది కాదు. అందుకే నాకు బాగా గుర్తుంది.

"నాకు మాత్రం ఏదన్న నేర్చుకోవాలని ఉండదా శ్రావణీ? ఐటిఐ సగంల ఇడిసిన. పూర్తి జేస్తే ఈ బండి నడిపేటోన్ని గాదు. నాకు పొద్దేది? నీకు పొద్దు గావాలంటే ఈ ఇంట్ల ఎవలో ఒకలు తమ పొద్దు ఇయ్యాలె. ఎవలిస్తరు?"

"నేను ఎవల్ది అడుగలే," అంది ఆమె. "నా నిద్రలకెల్లి తీస్కుంటున్న."

ఇద్దరిలో ఎవరి మాట తప్పో నేను చెప్పలేను. అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.

అదే సమయానికి రహీం వచ్చాడు. గేటు బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. చంకలో మడిచిన ఫ్లెక్సీ ఉంది. తానే ఎక్కి విప్పుకొని వచ్చాడట. లోపలికి రమ్మంటే రాలేదు.

"తప్పు మా దుకాణంది, కాకా. నేను జుమ్మా నమాజుకు పోయిన. మిషన్ కాడున్నోడు ఫోన్ల ఉన్నయన్నీ అచ్చేసిండు. దాని మీద కాశిబుగ్గ అని ఉండె గదా, కట్టేటోళ్లు తెచ్చి ఈడ కట్టిండ్లు. ఏమన్న అనాలనుంటే నన్నను. చెల్లెను ఏమనకుండ్రి."

నేను తల ఊపాను. వాడు పోతాడనుకున్నాము. పోలేదు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు. ఇప్పుడు అడగాల్సిన మాట కాదు కానీ అడగక తప్పదన్నాడు. తన దగ్గర డిజైన్లు చేసే అతను మడికొండ వైపు వేరే పనిలో చేరిపోయాడు. శ్రావణి చేసింది చూశాడు, ఆమె చేతిలో పని ఉంది. పొద్దున పూట వచ్చి కూర్చుంటే మిగిలింది తాను నేర్పుతాడు, నేర్చుకుంటూనే పని చేసుకోవచ్చు. అయితే రేపు పొద్దున్నే రావాలి. రాకుంటే ఇంకొకరిని పెట్టుకుంటాడు. పని ఆగదు గదా, అన్నాడు.

కొట్టుకు గిరాకీ అంతా పొద్దున పూటే. పాలు, బ్రెడ్డు, పప్పు, నూనె, బడి పిల్లల బిస్కెట్లు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. సాయికిరణ్ రహీం మీద కోపం చూపించలేదు. మా ఇంట్లో కుదరదు భాయ్, అన్నాడు. రహీం ఫ్లెక్సీని వరండాలో పెట్టి పోయాడు.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీని ఏం చేయాలి. మా వాడలో పాత ఫ్లెక్సీ ఎవరూ పారేయరు. వానకు ఇంటి మీద కప్పుతారు, సరుకు మీద కప్పుతారు. సాయికిరణ్ ట్రాలీ మీద కప్పేది ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీయే. దీన్ని కప్పలేము. కాల్చమని యాకమ్మ అంది, అని తానే నాలుక కరుచుకుంది. మొగుడి బొమ్మ కాలుస్తారా ఎవరైనా. చెత్త బండిలో వేయడమూ అంతే. చివరికి మొహం లోపలికి వచ్చేలా ఇంకో మడత పెట్టి గోడకు ఆనించింది.

అందరూ నా వైపు చూశారు. చచ్చినవాడిని నేను కనుక, చివరి మాట నాదే అనుకున్నారేమో. నాకు అంతసేపూ ఒక్క సంగతే తొలుస్తోంది.

"తారీఖు ఎందుకు రాయలే, బిడ్డా?"

శ్రావణి తల ఎత్తింది.

"చెయ్యి రాలే, మామా."

యాకమ్మ కొంగుతో ముక్కు తుడుచుకొని బియ్యం కడగడానికి లేచింది. సాయికిరణ్ బయటికి పోయి బండి తాళ్లు బిగించుకుంటూ ఉన్నాడు, బిగించిన తాళ్లే మళ్లీ బిగించాడు. నేను ఇంకో మాట అనాల్సింది. ఫోటో బాగుందని అయినా అనాల్సింది. అనలేదు.

మంచం మీద పడుకొని కొడుకు అడిగిన దాని గురించి ఆలోచించాను. ఎవలిస్తరు అన్నాడు. వాడి పొద్దు వాడిది కాదు. బండిది, పరకాల దుకాణాల వాళ్లది. శ్రావణి సంగతి సరేసరి. యాకమ్మ మోకాళ్లు పట్టుకొని పొయ్యి దగ్గర సాయం చేస్తుంది. నాది ఎవరిది? లేచి మొహం కడుక్కొని స్టూలు మీద కూర్చుంటాను. వచ్చేపోయేవాళ్లను చూస్తాను. సాయంత్రం చాయ్‌కు పోతాను. ఇంత పొద్దు నా దగ్గర మూటకట్టి ఉంది, ఇంట్లో ఎవరూ అడగలేదు. అడగకపోవడానికి కారణం ఉంది. కొట్టులో కూర్చుంటే మాట్లాడాలి. వచ్చినవాళ్లతో బాగున్నవా అనాలి, పిల్లల సంగతి అడగాలి, పప్పు మంచిదేనా అంటే మంచిదే అనాలి. బరువు మోయమంటే మోశాను గానీ, మాటలు నాతో ఎప్పుడూ కాలేదు. అందుకని బయట స్టూలు వేశారు, లోపల కోడలు కూర్చుంది.

తెల్లవారి పాల బండి రాకముందే లేచాను. స్టూలు తెచ్చి సజ్జ మీది లాప్‌టాప్ దించాను. సరుకు తెచ్చే సంచుల్లో గట్టిది చూసి అందులో పెట్టాను. కొట్టు షట్టర్ ఎత్తి, ప్యాకెట్లు దించుకొని, త్రాసు వెనకాల కూర్చున్నాను. కొట్టులో అలికిడికి శ్రావణి పరుగెత్తుకొని వచ్చింది. నన్ను చూసి ఆగింది. సంచి చేతికిచ్చాను.

"పో," అన్నాను.

ఆమె వంటింటి వైపు చూసింది. యాకమ్మ అప్పటికే మనుమరాలిని ముందు కూర్చోబెట్టుకొని జడ వేస్తోంది. గట్టిగా దువ్వుతోంది, పాప ఏడుపు మొహం పెట్టింది. మా వైపు చూడకుండానే యాకమ్మ అంది:

"జడలు నేనేస్త గని, ఆయన నోరు తెరుస్తడా అడుగు. తెరువకుంటే గిరాకంత ఎనక్కే పోతది."

శ్రావణి చీర మార్చుకొని సంచి పట్టుకొని పోయింది.

మొదట వచ్చినామె పాల కోసం వచ్చింది. నన్ను చూసి గడప అవతలే ఆగిపోయింది. నిన్న చౌరస్తాలో చూశానంది. నేనే, బతికే ఉన్న, అన్నాను. రెండో అతనికీ అదే చెప్పాను. మూడో ఆమె పరామర్శకని వచ్చింది, మాట్లాడటానికి ఏమీ దొరక్క ఉప్పు ప్యాకెట్ కొనుక్కొని పోయింది. పొరపాటున అచ్చు పడ్డది, నేర్చుకునే పని అది అని ఒకరికి చెప్పాను. మా కోడలు చేసింది అని ఇంకొకరికి చెప్పాను. నా జన్మలో ఒక్క పొద్దున అన్ని మాటలు మాట్లాడలేదు. బాగా చేసిందని ఒకాయన అన్నాడు. అవునన్నాను.

కొట్టులోంచి చూస్తే రోడ్డు మలుపు కనిపిస్తుంది. శ్రావణి ఇంకా అక్కడే ఆటో కోసం నిలబడి ఉంది. పొద్దునపూట ఆటోలన్నీ నిండుగా వస్తాయి, ఆగవు. అప్పుడు సాయికిరణ్ లేచి వచ్చాడు. నిన్నటి సగం సరుకు దించాలి కనుక మార్కెట్‌కు పోలేదు, నేరుగా పరకాల పోవాలి. త్రాసు వెనకాల నన్ను చూశాడు. ఖాళీగా ఉన్న సజ్జ వైపు చూశాడు. బండి ఎక్కాడు.

ట్రాలీ మలుపు దగ్గర శ్రావణి పక్కన ఆగింది. వాడు లోపలి నుంచి వంగి తలుపు తెరిచాడు. ఏదో అంటున్నాడు. ఆమె ఏదో అంటోంది. సంచిని రెండు చేతులతో గుండెకు పట్టుకొని ఉంది. ఎక్కలేదు. పక్కకూ జరగలేదు. బండి మొహం పరకాల వైపే ఉంది, రహీం దుకాణం దానికి ఎదురు దిక్కు.

లేచి పోదామనుకున్నాను. పోతే ఇద్దరూ నా మొహం చూస్తారు, నేను ఏదో ఒకటి చెప్పాలి. అర కిలో శనగపప్పు, అని ఎదురుగా ఎవరో అన్నారు. తూచాను. ముల్లు నిలబడే దాకా ఆగి, పొట్లం కట్టి ఇచ్చాను.

తల ఎత్తేసరికి మలుపు దగ్గర బండి లేదు. కోడలూ లేదు. ఎటు పోయారో నేను చూడలేదు. ఎదురుగా నలుగురు నిలబడి ఉన్నారు.

తర్వాత ఎవరు అని అడిగాను.